చిన్న అంగడికి పెద్ద గుమ్మము

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణము, పద్యములు, పిల్లల పాటలు వినవలసిన ఉగాది సభలో మరుగుదొడ్డిని గురించి ఉపన్యాసమేమిటని వెనుక వరుసలో కొందరు నవ్వుకొనుచున్నారు. నవ్వుకొనవచ్చును. మన యిండ్లలో ఆ మాట భోజనాలవేళ ఎత్తరు. ఈ ప్రాంతములో మనమందరము చిన్ననాటినుండి విన్న 'కక్కూసు' అనే మాట డచ్చివారి భాషనుండి వచ్చినదని చెబుతారు. సొంత మాట పలుకుటకు సిగ్గుపడి పరాయి మాటను అరువు తెచ్చుకొన్నాము కాబోలు. అయినను ఈ సభలో మెస్సులు, టిఫిను అంగళ్లు, బట్టల కొట్లు, మందుల షాపులు, చిన్న వర్క్‌షాపులు నడిపేవారు చాలమంది ఉన్నారు. "వికలాంగులకు పనికివచ్చే మరుగుదొడ్డి అంగడిలో ఉండవలెనంటున్నారే, చట్టమేమి చెప్పుచున్నది? మా వంటి చిన్నవారము ఏమి చేయగలము?" అని వారు కార్యదర్శిగారిని అడుగుచున్నారు. మేము ఇంజనీర్లము కాము, వకీళ్లము కాము, రైల్వే గుమాస్తాలము. సర్క్యులర్లు చదివి, కిటికీ అవతల నిలుచున్నవారికి అర్థమయ్యేటట్లు చెప్పుట మా ఉద్యోగములో భాగము గనుక ఈ పని మాకు అప్పగించినారు.

ముందుగా చట్టము సంగతి. వికలాంగుల కొరకు మన దేశములో 1995లో ఒక చట్టము వచ్చినది. అది 7 రకముల వైకల్యములను లెక్కలోనికి తీసుకొన్నది. దాని స్థానములో 2016లో వికలాంగుల హక్కుల చట్టమును చేసినారు. ఇది 2017 ఏప్రిల్ 19నుండి అమలులోనికి వచ్చినది. ఇందులో 21 రకములున్నవి.

ఈ చట్టములో వ్యాపారస్థులు నిలబడి చదువవలసిన మాట 'పబ్లిక్ బిల్డింగు' అనునది. ఆ పేరు వినగానే మనకు కలెక్టరు కచ్చేరి, కోర్టు, రైల్వే స్టేషను గుర్తుకు వస్తవి. చట్టము అట్లా గిరి గీయలేదు. ప్రభుత్వానిదైనను, ప్రైవేటుదైనను, జనము వచ్చిపోయే కట్టడము ఏదైనను పబ్లిక్ బిల్డింగే. బడి, పనిచేయు చోటు, వ్యాపారము జరుగు చోటు, గుడి, ఆసుపత్రి అన్నియు అందులో చేరినవి. ఆరు బల్లలు వేసుకొన్న మెస్సు కూడ అందులోనిదే.

ఇక సెక్షన్లు. 44వ సెక్షను ప్రకారము, నియమములకు లోబడని ప్లానుకు కట్టుటకు అనుమతి ఇవ్వరాదు, కట్టినదానికి పూర్తి అయినట్లు సర్టిఫికేటు కూడ ఇవ్వరాదు. 45వ సెక్షను ప్రకారము, అప్పటికే ఉన్న కట్టడములను నియమములు వెలువడిన నాటినుండి అయిదేండ్లలో సరిచేయవలెను. నియమములు వెలువడినది 2017 జూనులో. అయిదేండ్లు 2022 జూనుతో తీరిపోయినవి. 46వ సెక్షను సేవ చేయు ప్రభుత్వమువారితోబాటు ప్రైవేటువారిని కూడ పేరెత్తి చెప్పినది. 89వ సెక్షను జుల్మానాను గురించినది. మొదటిసారి ఉల్లంఘనకు 10,000 రూపాయలవరకు, ఆ తరువాత జరిగినదానికి 50,000కు తగ్గకుండ 5 లక్షలవరకు.

"ఇవన్నియు మార్గదర్శకాలు మాత్రమే గదా, ఎవరు పట్టించుకొంటారు?" అని ఒక మాట బజారులో ఉన్నది. దానికి జవాబు సుప్రీంకోర్టు చెప్పినది. రాజీవ్ రతూరీ అను చూపులేని పెద్దమనిషి 2005లో అక్కడ వ్యాజ్యము వేసినారు. 2024 నవంబరు 8న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారి ధర్మాసనము దానిపై తీర్పు చెప్పినది. చట్టము 'చేయవలెను' అన్నచోట 2017 నియమావళిలోని 15(1)వ నియమము ఉత్త మార్గదర్శకాలను చూపించి ఊరుకొన్నదని, అది చట్టానికి విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణములను మూడు నెలలలో వేరుగా తయారుచేయవలెనని ఆ తీర్పు. కనుక సలహా అనుకొని పక్కన పెట్టే కాలము పోయినది. మన తమిళనాట క్రొత్తగా కట్టేవారు 2019 నాటి సమగ్ర అభివృద్ధి, భవన నిర్మాణ నియమావళిని అనుసరించవలెను. అందులోను వికలాంగుల వసతులను గురించి విధులున్నవి. ప్లాను గీయించునప్పుడే ఇంజనీరుగారిని ఆ భాగము చూపించమని అడుగుట మంచిది.

ఇది విని మన నెత్తిన ఇంకొక బరువు పెట్టినారని కోపపడేవారికి మా రైల్వే కథ ఒకటి చెబుతాము. బొంబాయినుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడిచినది 1853లో. అటు తరువాత అర్ధశతాబ్దము గడచినను దిగువ తరగతి పెట్టెలలో మరుగుదొడ్లు లేవు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అను బెంగాలీ ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి ఒక జాబు వ్రాసినాడు. పనసపండు తిని కడుపుబ్బి అహమ్మద్‌పూరు స్టేషనులో దిగినాడట. గార్డు ఈల వేసినాడు, బండి కదిలినది. ఒక చేత చెంబు, ఒక చేత పంచె పట్టుకొని పరుగెత్తి, ఆడా మగా చూచుచుండగా ప్లాట్‌ఫారము మీద పడినాడట. బండి వెళ్లిపోయినది. ఆ జాబు ఢిల్లీలోని రైలు మ్యూజియములో ఉన్నది. దాని తరువాతనే రైల్వేవారు దిగువ తరగతివారికి మరుగుదొడ్ల సంగతి ఆలోచించినారని ప్రసిద్ధి.

ఆ జాబులోని ఇంగ్లీషు చదివి అందరు నవ్వుతారు. ఆ మనిషికి జరిగినది నవ్వుకొనేది కాదు. పెట్టెలు కట్టించినవారు దుర్మార్గులు కారు. ప్రయాణమనగా కూర్చుండి పోవుట అనుకొన్నారు, కూర్చున్నవానికి కడుపు ఒకటి ఉంటుందని మరచినారు. మన అంగళ్లలోను జరిగినది ఇదే. తినుటకు వచ్చేవాడని, కొనుటకు వచ్చేవాడని అనుకొని కట్టినాము. రెండు కాళ్లు చక్కగా ఉన్నవాడే వస్తాడని కూడ అనుకొన్నాము.

ఇప్పుడు చాల ఎక్స్‌ప్రెసు బండ్లలో వికలాంగుల కొరకు ఒక పెట్టెలో ప్రత్యేక భాగమున్నది. దాని తలుపు వెడల్పు, మరుగుదొడ్డి పెద్దది, లోపల పట్టుకొనుటకు కమ్మీలున్నవి. టిక్కెట్టు కొనునప్పుడు ఆ భాగములో చోటున్నదా అని అడిగేవారు మాకు తెలుసు. లేదంటే కొందరు ప్రయాణమే మానుకొంటారు. తప్పనిసరి అయినవారు బయలుదేరే ముందురోజు సాయంకాలమునుండి నీళ్లు త్రాగుట మానివేస్తారు. ఆ మాట వారు ఫిర్యాదుగా చెప్పరు, అలవాటుగా చెబుతారు. మీ మెస్సులో ఆకు ముందు కూర్చుండి నీళ్ల గ్లాసును పక్కకు జరిపే ముసలమ్మను మీరు చూచియుండవచ్చును. ఆమెకు దాహము లేక కాదు.

ఇక కొలతలకు వస్తాము. కార్యదర్శిగారు, మన సభ్యులలోని మేస్త్రీ ఒకరు, మేము కలిసి టేపు పట్టుకొని కొందరు సభ్యుల అంగళ్లు చూచివచ్చినాము. ఎవరి పేర్లు చెప్పము, ఎందుకనగా అన్నిచోట్ల కథ ఒకటే. వీధినుండి రెండు మెట్లు. లోపల బల్లల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి పోవలసిన సందు. చివర రెండడుగుల తలుపు, దానికి తాళము, తాళంచెవి గల్లాపెట్టె వెనుక మేకుకు. తలుపు తీస్తే ఖాళీ నూనె డబ్బాలు, చీపుర్లు, పోయిన ఏడాది బ్యానరు. నేలకంటె ఒక మెట్టు ఎత్తున పాతకాలపు నేలబారు దొడ్డి. కొన్ని కాంప్లెక్సులలో మేడమెట్ల కింద కట్టినారు. అక్కడ నిటారుగా నిలుచుంటే తల తగులుతుంది.

చక్రాల కుర్చీ వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. రెండడుగుల తలుపు అనగా 61 సెంటీమీటర్లు. ఆ నాలుగు సెంటీమీటర్లే ఆ మనిషిని వీధిలో నిలబెట్టినవి. అందుచేత నియమములలో తలుపు ఖాళీ 900 మిల్లీమీటర్లు ఉండవలెనన్నారు. మూడడుగులు అని గుర్తు పెట్టుకొంటే సరిపోతుంది. ద్వారబంధము, తలుపు మందము పోగా మిగిలిన ఖాళీ అంత ఉండవలెను. మేస్త్రీకి మూడడుగుల తలుపు అని చెబితే గోడలో మూడడుగుల కంత పెట్టి పోతాడు, దగ్గరుండి చూచుకొనవలెను.

తలుపు బయటికి తెరచుకొనవలెనన్నారు. దీనికి కారణము తెలిస్తే ఎవరును మరువరు. లోపల మనిషి కాలుజారి పడితే లోపలికి తెరచుకొనే తలుపుకు ఆ మనిషే అడ్డు. బయటివారు తోసినకొద్ది అతనికే దెబ్బ. గడియ కూడ అవసరమైతే బయటినుండి తీయుటకు వీలైనది పెట్టవలెను.

కేంద్ర ప్రభుత్వము 2016లో విడుదల చేసిన మాదిరి భవన నియమావళిలో ఇట్టి మరుగుదొడ్డికి కనీసము 1500 మిల్లీమీటర్లు, 1750 మిల్లీమీటర్లు ఉండవలెనని ఉన్నది. అనగా అయిదడుగులు, అయిదడుగుల తొమ్మిదంగుళములు. చక్రాల కుర్చీ చుట్టూ తిరుగుటకు 1500 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల వృత్తము కావలెను. కనుక ఇంకను చోటున్నవారు ఇంకను పెద్దదే కట్టుకొనుట మంచిది. కమోడు కూర్చుండే ఎత్తు నేలనుండి 45 మొదలు 50 సెంటీమీటర్లు. గోడకు కమ్మి బిగించునప్పుడు కమ్మికి గోడకు నడుమ 5 సెంటీమీటర్ల సందు, లేకపోతే వ్రేళ్లు దూరవు. ఆ కమ్మి ఒక మనిషి బరువంతయు మోయవలెను. తువ్వాలు వ్రేలాడదీసే కమ్మిని టైలుకు స్క్రూ కొట్టి పెడితే, నమ్మి పట్టుకొన్నవాడు కమ్మితోబాటు పడతాడు. ఇటుకలోనికి దిగేటట్లు బిగించవలెను.

వీధి మెట్టు సంగతి. ఏటవాలు దారికి ఒకటికి పన్నెండు లెక్క చెప్పినారు. మన లెక్కలో 'అంగుళానికి అడుగు'. ఆరంగుళముల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు, పన్నెండంగుళములకు పన్నెండడుగులు. పొట్టిగా నిట్రముగా కట్టిన ర్యాంపు మోటారు సైకిలు ఎక్కించుటకు పనికివస్తుంది, చక్రాల కుర్చీకి ప్రమాదము. కార్పొరేషను కాలిబాట మీదికి చాచి కట్టుట కూడ తప్పు. ఒకరికి దారి ఇచ్చుటకు ఇంకొకరి దారి మూయరాదు. మెట్టు చిన్నదైతే, ముందు చోటుంటే, ఎత్తి పెట్టుకొనే రేకు ర్యాంపుతో పని గడుపుకొనవచ్చును. దానిని అటక మీద కాక గుమ్మము పక్కనే పెట్టవలెను.

వైకల్యమనగా కాళ్లకే కాదు. మధురలో 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించిన డాక్టరు జి. వెంకటస్వామిగారికి యౌవనములోనే కీళ్లవాతము వచ్చి వ్రేళ్లు వంకరపోయినవి. చేతికి తగిన పనిముట్లు అమర్చుకొని, ఆ వ్రేళ్లతోనే వేలకొలది కండ్ల ఆపరేషన్లు చేసినారు. ఆ ఆసుపత్రి శాఖ మన అవినాశి రోడ్డు మీదనే ఉన్నది. అట్టి చేతులు సైతము గుండ్రని కొళాయిని గట్టిగా బిగిస్తే తిప్పలేవు. మోచేతితో నెట్టే పిడి కొళాయికి ఖర్చు కొద్దిగానే ఎక్కువ. చూపు మందగించినవారికి గోడకు నేలకు రంగు తేడా ఉండవలెను, తలుపు పక్కన తడిమి చదువదగిన ఉబ్బెత్తు అక్షరముల బోర్డు ఉండవలెను. నేలమీద పడినవారి చేతికి అందేటట్లు గంట త్రాడు ఒకటి వ్రేలాడవలెను.

ఇప్పుడు సభ్యులు మాకు చెప్పిన అభ్యంతరములు.

మొదటిది: "అటువంటివారు మా అంగడికి రారండీ, వారి కొరకు అంత ఖర్చెందుకు?" ఈ మాటను తిరగవేసి చూడవలెను. వారు రానందున మెట్టు ఉండలేదు. మెట్టు ఉన్నందున వారు రాలేదు. మన పీలమేడులో పి.యస్.జి. ఆసుపత్రి ఉన్నది, కాలేజీలున్నవి, విమానాశ్రయమున్నది. కాలుకు కట్టుతో వచ్చేవారు, ఆపరేషను అయి ఇంటికి పోయేవారు, వారిని చూచుటకు వచ్చిన ముసలి తల్లిదండ్రులు దినమంతయు ఈ రోడ్డు మీదనే తిరుగుచున్నారు. 2011 జనాభా లెక్కలలో దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. గర్భిణులు, మోకాళ్ల నొప్పులవారు, చంటిపిల్లల తల్లులు ఆ లెక్కలో లేరు. వారికిని ఈ కమ్మీ, ఈ వెడల్పు తలుపే కావలెను. ఇంతకు మించి, మనమందరము ముసలివారము కాబోవుచున్నాము. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారు ఇరువదియేండ్ల తరువాత తమ అంగడి దొడ్డిలోనికి తాము పోగలరా అని ఒకసారి చూచుకొనవలెను.

రెండవది: "మాది బాడిగ అంగడి, గోడ పగులగొడితే యజమాని ఊరుకొంటాడా?" ఇది న్యాయమైన కష్టమే. దీనికి మాకు తోచిన దారులు రెండు. బాడిగ పత్రము తిరిగి వ్రాసుకొనునప్పుడు ఈ మార్పులకు అనుమతి, ఖర్చులో ఎవరి పాలెంత అను రెండు వాక్యములు చేర్పించుట ఒకటి. కట్టడము సరిచేయు భారము యజమానిమీద కూడ ఉన్నదని అప్పుడు మర్యాదగా చెప్పవచ్చును. రెండవది, ఒక కాంప్లెక్సులోని నాలుగైదు అంగళ్లవారు కలిసి నేల అంతస్తులో ఒక మంచి మరుగుదొడ్డి కట్టించి, శుభ్రపరచుటకు ఒక మనిషిని పెట్టుకొనుట. ఎవరికి వారు చేయలేనిది నలుగురు కలిస్తే సాగుతుంది.

మూడవది: ఖర్చు. ధరలు నెలనెల మారుచుండును గనుక అంకెలు చెప్పము, వరుస మాత్రము చెబుతాము. కాసు ఖర్చు లేనివి ముందు చేయండి. దొడ్డిలోని డబ్బాలు బయట వేయుట, తాళము తీసివేయుట, బల్లలు జరిపి మూడడుగుల దారి ఇచ్చుట, నేల పొడిగా ఉంచుట. తరువాత చిల్లర ఖర్చువి: కమ్మీలు, పిడి కొళాయి, గంట, బోర్డు, మంచి దీపము, తలుపును బయటికి తిప్పి బిగించుట. చివరకు పెద్దవి: తలుపు వెడల్పు చేయుట, కమోడు, ర్యాంపు. అంగడి మరమ్మతుకు ఏనాటికైనను మేస్త్రీని పిలుస్తారు గదా, ఆనాడే ఇవి చేయించండి. అయితే మొదటి రెండు వరుసలతో చట్టము తీరిపోయినదని అనుకొనరాదు. అవి మొదలు, అంతే.

నాలుగవది ఎవరును పైకి చెప్పలేదు గాని అందరి మనస్సులోను ఉన్నది. మంచిది కట్టితే వీధిలో పోయే వారందరు వస్తారని. వస్తారు, కొందరు. వచ్చినవారిలో కొందరు కాఫీ కూడ త్రాగుతారు. తాళంచెవి మీ చేతిలోనే ఉండనీయండి, కాని కర్ర పట్టుకొని వచ్చిన మనిషి పదిమంది ముందు నోరు తెరచి అడిగేదాక ఆగకండి.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాము. మరుగుదొడ్డి గిరాకీలకే కాదు, పనివారికి కూడ. ఆహార లైసెన్సు నియమములు సైతము పనివారికి మరుగుదొడ్డి, చేతులు కడుగుకొనే వసతి అడుగుచున్నవి. పక్కనున్న కోళిక్కోడులో మిఠాయి వీధి అంగళ్లలో పనిచేయు ఆడవారికి దొడ్డి లేక, ప్రొద్దుటినుండి నీళ్లు త్రాగక నిలబడి పనిచేసేవారు. విజి అను కుట్టుపని ఆమె వారిని 'పెణ్‌కూట్టు' అను సంఘముగా చేర్చి పోరాడినది. ఆ మరుగుదొడ్డి పోరాటమునుండే పనిలో కూర్చుండే హక్కు అను మాట పుట్టినది. కేరళ 2018లో చట్టమును సవరించినది, మన తమిళనాడు 2021లో సవరించినది. వారు అడిగినది ఒక స్టూలు, ఒక దొడ్డి. అవి ఇచ్చినందువలన ఏ అంగడియు మూతపడలేదు.

మా మనవి ఇది. వచ్చే నెలలోగా సంఘ సభ్యులలో అంగడి ఉన్న ప్రతివారును టేపు తీసుకొని నాలుగు కొలతలు వ్రాసుకొని రావలెను: వీధి మెట్టు ఎత్తు, బల్లల నడుమ దారి, దొడ్డి తలుపు ఖాళీ, లోపలి పొడవు వెడల్పు. మేస్త్రీగారు, మేము కూర్చుండి ఎవరికేమి వీలో చెబుతాము. కొలతలు పట్టునప్పుడు చక్రాల కుర్చీలో తిరిగే ఒకరిని, కర్రతో నడిచే ఒకరిని వెంట పిలుచుకొని పోవుదము. వారికి తెలిసినంత ఏ పుస్తకానికి తెలియదు.

పి. యస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలుగురు ఆస్తిని అయిదు భాగములు చేసి, అయిదవ భాగమును ధర్మానికి విడిచి 1926లో ధర్మసంస్థ స్థాపించిన ఊరు మనది. నూరేండ్లు అయినది. మేము మిమ్ములను ఆస్తిలో అయిదవ భాగము అడుగుట లేదు. అంగడిలో అయిదడుగుల చోటు అడుగుచున్నాము. సంవత్సరము పేరు పరాభవ అయినను, మన గుమ్మములో ఎవరికిని పరాభవము జరుగకుండ చూచుకొందము.